ఆ చెయ్యి ఎవరిది?

(ఒక ఫిలిం క్లబ్ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

సినిమాల్లో హింస గురించి మాట్లాడమని పిలిచారు. ఈ విషయం మీద మామూలుగా రెండు రకాల ప్రసంగాలు వింటుంటాం. సినిమాల వల్ల పిల్లలు చెడిపోతున్నారు, ఆపేయాలి అని ఒకటి. కళాకారుడి చేతులు కట్టేయకండి, ఇష్టం లేకపోతే చూడకండి అని ఇంకొకటి. ఈ రెండూ నేను చెప్పలేను. బాగా తీసిన హింసాత్మక సినిమా అంటే నాకు ఇష్టం. మొదటి రోజు వెళ్ళి చూస్తాను. చూసి బయటికి వచ్చాక మనసులో ఏదో కలుక్కుమంటుంది. ఏ సీను నన్ను కుర్చీ అంచుకు లాగిందో, సరిగ్గా ఆ సీనే రాత్రి నిద్రపోనివ్వదు. చాలా ఏళ్ళుగా ఇది నాతోనే ఉంది. ఈ రోజు దాన్ని మీ ముందు విప్పి చూడాలని వచ్చాను.

నాసిరకంగా తీసిన హింస గురించి నాకు బెంగ లేదు. బకెట్లతో ఎర్రరంగు పోసినా మనకేమీ కాదు, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటాం. అసలు చిక్కంతా గొప్పగా తీసినవాళ్ళతోనే.

ఒక పాత సినిమా తీసుకుందాం. 1960లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన 'సైకో'. అందులో స్నానాల గది హత్య మీలో చాలామంది చూసే ఉంటారు. తెర మీద అది ముప్పావు నిమిషం ఉంటుందంతే. దానికి వారం రోజులు షూటింగ్ చేశారు. కెమెరాను 78 రకాలుగా పెట్టి తీసి, 52 కట్‌లతో కూర్చారు. నలుపు తెలుపు సినిమా కాబట్టి రక్తానికి బదులు చాక్లెట్ సిరప్ వాడారు. కత్తిపోటు చప్పుడు కోసం ఖర్బూజా జాతి పండును పొడిచి రికార్డు చేశారు. ఆ సన్నివేశానికి సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లతో చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. కత్తి ఒంట్లోకి దిగడం మనకు దాదాపుగా కనిపించదు. ముక్కలన్నీ మన చేతిలో పెట్టి, హత్యను మన బుర్రలోనే పూర్తి చేయిస్తాడు.

ఇదంతా సినిమా పాఠాల్లో చెబుతారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దాని తర్వాతి భాగం. ఆ అమ్మాయి చనిపోయాక హోటల్ నడిపే కుర్రాడు వచ్చి గదిని శుభ్రం చేస్తాడు. ఎక్కడా తొందరలేదు. నేల తుడుస్తాడు, చేతులు కడుక్కుంటాడు, శవాన్ని చుట్టి కారు డిక్కీలో పెడతాడు, కారును బురదగుంటలోకి తోస్తాడు. కారు సగం మునిగి ఆగిపోతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? ఊపిరి బిగబట్టి, అది మునిగిపోవాలని కోరుకుంటాం! కాసేపటి క్రితం దాకా ఆ అమ్మాయి బతకాలని తపించినవాళ్ళం, ఇప్పుడు ఆమె శవం బయటపడకూడదని తపిస్తున్నాం. కారు మళ్ళీ కదిలి మునిగాక హాలంతా ఊపిరి వదులుతుంది. మనల్ని అడగకుండా, మనకు తెలియకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

నైపుణ్యం అంటే నాకు భయం పుట్టేది ఇక్కడే. కెమెరా ఎక్కడ నిలబడింది, షాట్ ఎంతసేపు ఆగింది, చప్పుడు ఎప్పుడు ఆగిపోయింది... మనం ఎవరి పక్షమో తేల్చేవి ఇవే. మన నీతినియమాలు ఆ తర్వాత ఎప్పుడో తీరిగ్గా వస్తాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1989 అక్టోబరు 5న 'శివ' విడుదలైంది. రామ్‌గోపాల్ వర్మకు అదే మొదటి సినిమా. అది అప్పట్లో ఎంత కొత్తగా అనిపించిందో ఇప్పటి పిల్లలకు చెప్పడం కష్టం. అంతకుముందు మన సినిమాల్లో ఫైటంటే ఒక అంశం, పాట ఉన్నట్టే అదీ ఉండేది. డిష్యుం డిష్యుం మోతలు, అట్టపెట్టెల మీద పడే రౌడీలు. చూసి నవ్వుకునేవాళ్ళం, ఈల వేసేవాళ్ళం. అది హింస అని ఎవరికీ తోచేది కాదు. 'శివ'లో కొట్టడం కన్నా కొట్టబోయే ముందు క్షణాలు ఎక్కువ. ఎస్. గోపాల్‌రెడ్డి కెమెరా, కుదుపు తెలియనివ్వని స్టెడీక్యామ్ మీద మనుషుల వెంట నడుస్తుంది. ఇళయరాజా ఎక్కడ వాయించాడో దానికన్నా ఎక్కడ ఊరుకున్నాడో వినాలి. రఘువరన్ చేసిన విలన్ భవాని పాత్ర గొంతు పెంచదు. ఎదుటివాడు నిలువునా వణికిపోతాడు.

ఇక ఆ చైన్. కాలేజీ ఆవరణలో శివ సైకిల్ వైపు ఒంగి చైన్ ఊడబెరుకుతాడు. చేతికి చుట్టుకుంటాడు. అంతే. మూడు దశాబ్దాలు దాటినా ఆ కదలిక తెలుగువాళ్ళ ఒంట్లో ఉంది. 2025 నవంబరులో కొత్త ధ్వనితో మళ్ళీ విడుదల చేసినప్పుడు నేను చూసిన హాల్లో చైన్ తెగకముందే కేకలు మొదలయ్యాయి. నా చేతి వెంట్రుకలు కూడా నిక్కబొడుచుకున్నాయి. నిజం చెబుతున్నాను, అదే క్షణం మళ్ళీ వస్తే మళ్ళీ నిక్కబొడుచుకుంటాయి.

అదే సినిమాలో శివ అన్న కూతురు కీర్తి అనే చిన్నపాప ఉంది. శివ ఆ పాపను సైకిల్ మీద పెట్టుకుని రౌడీల నుంచి తప్పించుకునే సీను మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత ఆ పాపను చంపేస్తారు. శివ మొదలుపెట్టిన గొడవ తిరిగి తిరిగి తన అన్న ఇంటి గడప తొక్కింది. వర్మ దాన్ని దాచలేదు, సూటిగా చూపించాడు. అయినా పోస్టర్ల మీద మిగిలింది ఏది? పిడికిలి, చైన్. కీర్తి ఏ పోస్టర్ మీదా మిగల్లేదు. తప్పు దర్శకుడి మీద వేయడం నాకు ఇష్టంలేదు. అతను రెండూ తీశాడు. ఒకటి మరీ గొప్పగా వచ్చింది, రెండోదాన్ని మింగేసింది. నైపుణ్యానికి ఈ గుణం ఉంది. సినిమా మొత్తం చెప్పదలచుకున్న మాటను అందులోని ఒక్క నిమిషం తినేయగలదు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు కాస్త దగ్గరి సంగతి. మాది కడప జిల్లా. 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' వచ్చింది. 2001 సంక్రాంతికి 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర'. మూడూ బి. గోపాల్ తీసినవే. వాటిని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు, నేను చూడను. జనాన్ని ఎప్పుడు నిలబెట్టాలో, ఎప్పుడు కూర్చోబెట్టాలో అంత కచ్చితంగా తెలిసిన దర్శకులు తక్కువ. రైల్వే స్టేషన్లు, దుమ్ము లేపుకుంటూ వచ్చే సుమోలు, తెల్లబట్టలు, ఒక్క మాట కోసం ఊరంతా ఎదురుచూడడం, ఆ మాటను పరుచూరి సోదరులు పేల్చిన తీరు. మా ఊరివాళ్ళం పక్కపక్కన కూర్చుని ఈలలు వేసి చూశాం. తెర మీద మా నేల కనిపించిందన్న గర్వం కూడా అందులో ఉంది.

అదే రోజుల్లో మా సీమ పిల్లలు చదువుకోడానికి హైదరాబాద్ వచ్చి అద్దెగది అడిగితే, ఏ ఊరని అడిగి, కడపో అనంతపురమో అనగానే ముఖం మారిపోయేది. "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని తోటి విద్యార్థులు నిజంగానే అడిగేవాళ్ళు. కొందరికి గదులు దొరకలేదు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురం నుంచి, వేరుశనగ ఎండిపోయి అప్పులు మిగిలిన ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు వాళ్ళు. సీమ రచయితలు ఆ కరువును కథలుగా రాస్తూనే ఉన్నారు. కానీ కరువుకు సుమో పేలినంత చప్పుడు ఉండదు.

ఫ్యాక్షన్‌ను సినిమా పుట్టించిందని నేను అనను. అది అంతకుముందే ఉంది, పంచాయతీ ఎన్నికల్లో, సారా కాంట్రాక్టుల్లో, భూముల్లో, నీళ్ళ దగ్గర. నిజంగా మనుషులు చచ్చిపోయారు. ఎవరు చచ్చిపోయారో చూడండి. ఎక్కువమంది నాయకులు కారు. నాయకుడి వెంట నడిచిన చిన్న రైతులు, కూలీలు, డ్రైవర్లు. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే రోజుల్లో నా తరగతిలో ఒకబ్బాయి ఉండేవాడు. అతని తండ్రి అలా పోయినవాడే. ఒకసారి మాటల మధ్య అడిగాను, సినిమాలు చూస్తావా అని. చూస్తాను సార్ అన్నాడు. ఫైట్లు బాగుంటాయి సార్, కానీ వాయిదాలు చూపించరు అన్నాడు. వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి కోర్టు వాయిదాలకు తిరిగింది. పొద్దున్నే బస్సెక్కి, మధ్యాహ్నం దాకా చెట్టు కింద కూర్చుని, ఇంకో తారీఖు రాయించుకుని రావడం. సాక్షులు మాట మార్చడం. అతని లెక్కలో ఫ్యాక్షనంటే అది.

ఆ సినిమాల్లో సుమో గాల్లోకి లేచినప్పుడు అందులోంచి పడేవాళ్ళకు పేర్లుండవు. అక్కడ పేరు పెడితే షాట్ అందం చెడుతుంది. ఆ అందం ఆ పేరు లేకపోవడం మీదే నిలబడి ఉంది.

ఇక్కడ నా వృత్తిలోకి వెళ్ళక తప్పదు. మన పూర్వులు హింసను చూసి మొహం తిప్పుకున్నవాళ్ళేం కాదు. నాట్యశాస్త్రం మాత్రం యుద్ధం, మరణం, రాజ్యం కూలిపోవడం, నగరాన్ని ముట్టడించడం లాంటివి రంగం మీద నేరుగా చూపొద్దంది, అంకాల మధ్య వచ్చే ప్రవేశకాలనే చిన్న సన్నివేశాల ద్వారా మాటల్లో చెప్పించమంది. కావ్యానికి ఆ అడ్డు లేదు. రౌద్రం, బీభత్సం, భయానకం మూడూ రసాలే. తిక్కన గారి కీచకవధ చదవండి, దుశ్శాసనవధ చదవండి. భీముడి చేతుల్లో మనిషి ఏమైపోయాడో ఆయన కళ్ళకు కట్టిస్తాడు, ఎక్కడా మెత్తబడడు. ద్రౌపది పగ తీరుతున్న ఆనందం మనకూ కలుగుతుంది. ఈ రోజు ఫైట్ మాస్టర్లు చేసే పని ఆయన పద్యంలో చేశాడు.

తర్వాత ఆయనే స్త్రీపర్వం కూడా రాశాడు. యుద్ధం అయిపోయింది. గెలిచారు, ఓడారు. అక్కడితో తెర దించలేదు భారతం. గాంధారి, ఆమె కోడళ్ళు, మిగిలిన ఆడవాళ్ళంతా ఆ నేల మీదికి వచ్చి ఎవరి శరీరం ఎక్కడుందో వెతుక్కుంటారు. భూరిశ్రవుడనే యోధుడి సంగతి గుర్తుందా? అతను సాత్యకితో పోరాడుతుంటే అర్జునుడు పక్క నుంచి బాణం వేసి చెయ్యి నరికేశాడు. ఆయుధం వదిలేసి, తిండి మాని ప్రాణం విడిచే ప్రాయోపవేశానికి కూర్చున్నవాణ్ణి సాత్యకి తల నరికాడు. ద్రోణపర్వంలో అది జరుగుతున్నప్పుడు మనం పాండవుల వైపే ఉంటాం, సాత్యకి బతకాలి కదా! స్త్రీపర్వానికి వచ్చేసరికి అతని భార్య తెగిపోయిన ఆ చేతిని తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. తనను ప్రేమగా తాకిన చెయ్యి ఇదే అంటుంది. గోవులు దానమిచ్చిన చెయ్యి, శత్రువులను చంపిన చెయ్యి ఇదే అంటుంది. మన అలంకారికులు కరుణరసం గురించి మాట్లాడేటప్పుడు ఈ శ్లోకం దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చారు.

నేను చూసిన సినిమాల్లో ఎన్ని చేతులు గాల్లోకి ఎగిరాయో! స్లో మోషన్లో, వెనక నుంచి సూర్యుడి వెలుగు పడుతుంటే. గ్రాఫిక్స్ వాళ్ళు నెలల తరబడి కష్టపడి ఉంటారు. ఒక్కటీ ఎవరి చెయ్యీ కాదు. నా ఇబ్బందికి పేరు పెట్టడం నాకు ఈ పర్వం దగ్గరే సాధ్యమైంది. హింస చూపించినందుకు నాకు కోపం లేదు. చంపడానికి అంత ప్రతిభ ఖర్చు పెట్టినవాళ్ళు, చచ్చినవాడి కోసం అందులో పదో వంతు కూడా పెట్టకపోతే నాకు బాధ.

పెట్టినవాళ్ళు లేరా? ఉన్నారు. 2018లో త్రివిక్రమ్ తీసిన 'అరవింద సమేత వీర రాఘవ' చూడండి. కత్తి పట్టినవాడు కాదు, ఆపినవాడు గొప్ప అని చెప్పే నాయనమ్మ పాత్ర ఉంది అందులో. పెంచల్ దాస్ రాసిన 'రెడ్డమ్మ తల్లి' పాట ఉంది. భర్త కూలిపోయాడని భార్యకు చెప్పే పాట అది, మా సీమ ఏడుపు బాణీలో. ఆ పాట వింటే మా వైపు ఆడవాళ్ళ గొంతులన్నీ వినిపిస్తాయి నాకు. సీమను అన్నేళ్ళు ఒక్క కోణంలో చూపించిన సినిమా పరిశ్రమ లోపలి నుంచే అలాంటి పాట వచ్చిందంటే నాకు గౌరవం. మళ్ళీ అక్కడా అదే చిక్కు. సినిమా మొదట్లో తండ్రి చచ్చిపోయాక కొడుకు కత్తి పట్టే ఆ పెద్ద పోరాటం ఉంది చూశారూ, అది ఎంత బాగా తీశారంటే, రెండున్నర గంటలు శాంతి గురించి చెప్పిన తర్వాత కూడా బయటికొచ్చిన కుర్రాళ్ళు దాని గురించే మాట్లాడుకున్నారు. నేనూ దాని గురించే మాట్లాడాను.

2023 డిసెంబరులో వచ్చిన 'యానిమల్' ఈ విషయంలో ఇంకో చివర. వరంగల్ నుంచి వెళ్ళిన మన సందీప్‌రెడ్డి వంగా తీశాడు, ఎడిటింగ్ కూడా తనే. హోటల్లో గొడ్డలితో జరిగే పోరాటాన్ని ఒక పంజాబీ వీరగాథ పాటతో నడిపించిన తీరు చూడండి. ఆ లయ ఎవరికి పడితే వాళ్ళకు దొరికేది కాదు. నా కాళ్ళు నేల మీద తాళం వేస్తున్నాయి. వేస్తూనే ఒకటి గమనించాను, దాడికి వచ్చినవాళ్ళకు ముఖానికి ముసుగులున్నాయి. దర్శకుడికి దానికి కథాపరంగా కారణం ఉండొచ్చు. నాకు మాత్రం అది వేరుగా తగిలింది. సుమోల్లో వచ్చినవాళ్ళకు పేర్లు తీసేశాం, ఇప్పుడు ముఖాలు కూడా తీసేశాం. ఆ పడినవాళ్ళలో ఒక్కరిని వాళ్ళమ్మ వచ్చి వెతకాలన్నా గుర్తుపట్టలేదు.

ఇలాంటి సందేహాలు ప్రేక్షకులకే కాదు, తీసినవాళ్ళకూ వచ్చాయి. అమెరికాలో శామ్ పెకిన్‌పా 1969లో 'ది వైల్డ్ బంచ్' తీశాడు. ఒకే కాల్పుల దృశ్యాన్ని చాలా కెమెరాలతో, వేరువేరు వేగాల్లో తీసి కలిపి కుట్టాడు. ఈ రోజు మన తెర మీద రక్తం చిమ్మే స్లో మోషన్‌కు వంశవృక్షం గీస్తే ఆ సినిమా తప్పకుండా వస్తుంది. చావు ఎంత వికారమో చూపిస్తే జనానికి దాని మీద అసహ్యం పుడుతుందని ఆయన నమ్మాడు. జనం దాన్ని ఆస్వాదించారు. అది ఆయన్ని కలతపెట్టింది. నాకు ఆయన మీద కోపం రాదు, జాలి వేస్తుంది. ఎందుకంటే వికారంగా చూపించాలనుకున్న మనిషి చేతులు అందంగా మాత్రమే తీయగలిగే చేతులు.

స్టాన్లీ కూబ్రిక్‌ది ఇంకా పెద్ద సంగతి. 1971లో ఆయన తీసిన 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్'కు బ్రిటన్‌లో గొడవ జరిగింది. కొన్ని నేరాలకు ఆ సినిమాతో ముడిపెట్టారు, ఆయన కుటుంబానికి బెదిరింపులు వచ్చాయి. ప్రభుత్వం నిషేధించలేదు. తనే కోరి బ్రిటన్‌లో ప్రదర్శన ఆపించాడు. 1999లో ఆయన చనిపోయేదాకా అక్కడ అది మామూలుగా హాళ్ళలోకి రాలేదు. తన సినిమా మీద నమ్మకం పోయి చేశాడని నేను అనుకోను. తనకున్న శక్తి ఎంతో తెలిసినవాడు కాబట్టి చేశాడు. అది సరైన పనేనా? నాకు ఒక్కోరోజు ఒక్కోలా తోస్తుంది. ఆ సినిమా లేకుండా ఒక తరం పెరగడం నష్టమే. అయినా, తన చేతిపనికి తనే జవాబుదారీ అనుకున్న ఆ మనిషి ముందు నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

పిల్లల మాట ఒకటి చెప్పి ముగిస్తాను. సర్టిఫికెట్ల పద్ధతిని 2023 చట్టంతో మార్చారు, పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సిన యూఏలో ఏడు, పదమూడు, పదహారు ఏళ్ళని విడదీశారు. మంచిదే. కానీ 'ఎ' సర్టిఫికెట్ సినిమాకు ఒళ్ళో పిల్లల్ని పెట్టుకుని వచ్చేవాళ్ళను హాల్లో ఎప్పుడూ చూస్తూనే ఉన్నాను, గేటు దగ్గర ఎవరూ ఆపరు. కొన్ని వారాలకు అదే సినిమా ఫోన్లోకి వస్తుంది. పెద్దవాళ్ళకే పక్షం మార్చేసే నైపుణ్యం అది, ఏడేళ్ళ పిల్లకు అడ్డుకునే శక్తి ఎక్కడిది? ఇందులో నాకు రెండో ఆలోచన లేదు, తీసుకెళ్ళకండి.

మీలో ఎడిటింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు, షార్ట్ ఫిలింలు తీస్తున్నవాళ్ళు ఉన్నారని విన్నాను. మిమ్మల్ని హింస తీయొద్దని అడగను. బాగా తీయండి, నేను వచ్చి చూస్తాను. ఒకటి మాత్రం అడుగుతాను. ఫైట్ అయిపోయాక హీరో నడిచి వెళ్ళిపోతాడు, మన చేయి అలవాటుగా అక్కడ కట్ వేస్తుంది. వేయకండి. పడిపోయినవాడి మీద ఒక పది సెకన్లు ఉంచండి. అతని ఫోన్ మోగనివ్వండి, ఎవరైనా పరుగెత్తుకుంటూ రానివ్వండి, మీకు ఏది తోస్తే అది. నిర్మాత చూసి ల్యాగ్ ఉంది, తీసేయమంటాడు. ప్రివ్యూలో మీ స్నేహితులు కూడా అదే అంటారు. ఆ పది సెకన్ల కోసం పోట్లాడండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.